గ్రహాంతరవాసికి ఏ లిఫ్టు?

2025 నవంబరులో ఒక ఆదివారం పొద్దున 9 గంటల 4 నిమిషాలకు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారు ఒక మెసేజ్ పెట్టారు. ‘గ్రహాంతరవాసులు వస్తే మానవాళిగా మనం ఎలా స్పందించాలి?’ అని శీర్షిక. పైన తోకచుక్క బొమ్మ, కింద దణ్ణం పెట్టే చేతులు మూడు.

9 గంటల 15 నిమిషాలకు అదే సెక్రటరీ గారు, అదే గ్రూపులో, ఇంకో మెసేజ్ పెట్టారు. ‘పనిమనుషులు, డెలివరీ బాయ్స్, డ్రైవర్లు మెయిన్ లిఫ్ట్ వాడరాదు. సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడాలి. హైజీన్ దృష్ట్యా మనం అందరం సహకరించాలి. ఉల్లంఘిస్తే 500 రూపాయల జరిమానా.’ దీని కింద కూడా దణ్ణాలు మూడే.

మధ్యలో పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో ఏం జరిగిందో నాకు తెలీదు. బహుశా కాఫీ తాగి ఉంటారు. గ్లాసు పట్టుకున్నప్పుడు 800 కోట్లున్న మానవాళి, గ్లాసు అడుగు కనపడేసరికి ‘8 మంది, 544 కిలోలు’ అని రేకు కొట్టిన ఉక్కు పెట్టెలో సర్దుకుపోయేంత చిన్నదైపోయింది. అప్పటి నుంచి నాకు వేరే ఆలోచన లేదు. మా ఇంట్లోవాళ్ళు కూడా విసుక్కుంటున్నారు. ఇక మీరే దిక్కు.

తోకచుక్క సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పేరు 3ఐ అట్లాస్. 2025 జులై 1న చిలీలో ఒక టెలిస్కోపు కంటపడింది. సూర్యకుటుంబం బయటి నుంచి మన వైపు వస్తూ పట్టుబడినవాటిలో ఇది మూడోది. 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్, ఆ తర్వాత ఇదే. గంటకు రెండు లక్షల కిలోమీటర్ల పైచిలుకు వేగం. హార్వర్డ్‌లో ఒక ప్రొఫెసరు గారు, ఇది ఎవరో పంపిన యంత్రం కూడా కావచ్చేమో అన్నారు. నాసా వాళ్ళు ఫొటోలు విడుదల చేసి మరీ, ఇది తోకచుక్కే నాయనా అన్నారు. నాసా మాట ఎవరిక్కావాలి? యూట్యూబు థంబ్‌నెయిళ్ళలో అది ఎప్పుడో దారి మార్చుకుని మన పిన్‌కోడ్ వైపు బయల్దేరింది. డిసెంబరు 19న భూమికి బాగా దగ్గరికొచ్చిందంటే, ఆ ‘దగ్గర’ 27 కోట్ల కిలోమీటర్లు. మనకూ సూర్యుడికీ ఉన్న దూరానికి దాదాపు రెట్టింపు. అయినా మా ఎదురు ఫ్లాటాయన ఆ రోజు బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వలేదు.

సెక్రటరీ గారి మెసేజ్‌లో పద్నాలుగు పాయింట్లు. భయపడరాదు. దేశాలు, మతాలు, భాషలు మరిచిపోయి ఒక్కటి కావాలి. ఏడో పాయింటు భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌ది. 2010లో ఆయన అన్నాడు గదా, మనకన్నా ముందున్న జాతి ఏదైనా మన దగ్గరికి వస్తే కొలంబస్ అమెరికాలో దిగినట్టే ఉంటుందనీ, ఆ దిగడం అక్కడి జనానికి అంత కలిసిరాలేదనీ. ఈ పాయింటు చివర మూడు ఆశ్చర్యార్థకాలు. ఇది చదివి మా గ్రూపు వణికిపోయింది. బి బ్లాకు ఆయనొకరు ‘సో ట్రూ’ అన్నారు.

ఇక్కడ కాస్త వ్యాకరణం మాట్లాడుకోవాలి. ఇంగ్లీషువాడికి ‘వి’ ఒక్కటే, హిందీవాడికి ‘హమ్’ ఒక్కటే. మనకు రెండున్నాయి: మేము, మనం. ‘మేము భోంచేస్తున్నాం’ అంటే ఇంటికొచ్చినవాడు హాల్లో కూచుని పేపరు తిరగేయాలి. ‘మనం భోంచేద్దాం’ అంటే లేచి చేతులు కడుక్కోవాలి. మూడేళ్ళ పిల్లకి కూడా ఈ తేడా తెలుసు. ‘మన చాక్లెట్’ అని ఎప్పుడనాలో, ‘మా చాక్లెట్’ అని ఎప్పుడనాలో దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంత చక్కటి భాషలో పుట్టి, సెక్రటరీ గారు పదకొండు నిమిషాల తేడాతో రెండు ‘మనం’లు వాడారు. మొదటి దాంట్లో భూమి మీది జనమంతా ఉన్నారు. రెండో దాంట్లో 64 ఫ్లాట్లున్నాయి. అద్దెకున్నవాళ్ళు ఆ రెండో మనంలోకి వస్తారా రారా అన్నది జనరల్ బాడీ తేల్చాలి.

నిజానికి గ్రహాంతరవాసులతో మాట్లాడిన తెలుగువాళ్ళు ఈ తప్పు చేయలేదు. నవ్వకండి. 1977లో నాసావాళ్ళు వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పెట్టి పంపిన బంగారు పూత గ్రామఫోను రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, అందులో తెలుగు ఒకటి. తెలుగు మాట్లాడే జనం నుంచి ‘మా’ శుభాకాంక్షలు, అని పలుకుతుంది ఆ గొంతు. చూశారా, ‘మా’! వినేవాడు మనవాడు కాదు కాబట్టి ‘మా’. నిక్కచ్చి వ్యాకరణం. అంత దూరం పంపే మాటలో కూడా లేనివాణ్ణి ఉన్నట్టు నటించలేదు.

అదే రికార్డులో భూగోళం మొత్తం తరఫున మాట్లాడిన పెద్దమనిషి ఎవరో తెలుసా? అప్పటి ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్, కుర్ట్ వాల్డ్‌హైమ్. శాంతి, స్నేహం తప్ప మాకింకేం అక్కర్లేదని ఆయన విశ్వానికి చెప్పుకొచ్చాడు. తొమ్మిదేళ్ళ తర్వాత, 1986లో, ఆయన ఆస్ట్రియా అధ్యక్ష పదవికి పోటీ చేస్తుంటే పాత సంగతి బయటపడింది. రెండో ప్రపంచయుద్ధంలో హిట్లర్ సైన్యంలో ఆఫీసరుగా బాల్కన్ దేశాల్లో పనిచేశాడట. అన్నాళ్ళూ ఆ ముక్క దాచిపెట్టాడు. ఎన్నికల్లో గెలిచాడనుకోండి, అది వేరే కథ. 1987లో అమెరికా ఆయన పేరును దేశంలోకి రానివ్వకూడని వాళ్ళ జాబితాలో చేర్చింది. వాయేజర్ 1 మాత్రం ఆయన గొంతు మోసుకుంటూ 2012లో నక్షత్రాల మధ్యకి వెళ్ళిపోయింది. అమెరికా వీసా రాని మనిషి అలా విశ్వంలోకి వెళ్ళాడు. మన అమీర్‌పేట కుర్రాళ్ళు గమనించాలి.

నేను చెప్పేదేమిటంటే, మానవాళి తరఫున మాట్లాడే పని ఎప్పుడూ ఎవరో ఒక సెక్రటరీకే పడుతుంది.

సైంటిస్టులు దీనికీ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆకాశం నుంచి ఏదైనా సంకేతం వస్తే ఎవరికి వాళ్ళు జవాబు ఇచ్చేయకూడదనీ, ముందు దేశాలన్నీ సంప్రదించుకోవాలనీ 1989లో ఒక ఒప్పందం రాసుకున్నారు. అంటే మీటింగ్ పెట్టాలి. మీటింగ్ అంటే ఏమిటో నాకు తెలుసు. మా సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీల మీద పదేళ్ళుగా కూచుంటున్నాను. కాబట్టి వాళ్ళు వస్తే ఏం జరుగుతుందో సినిమా చూసినట్టు చెప్పగలను.

వాళ్ళు ఢిల్లీలో దిగరు, వాషింగ్టన్‌లో దిగరు. మా సి బ్లాకు విజిటర్స్ పార్కింగులో దిగుతారు. ఆ జాగా మీద ఎవరి పేరూ రాసి ఉండదు కదా, పైనుంచి చూసేవాడికి ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది.

మానవజాతి తొలి స్పందన గ్రూపులో వస్తుంది. ‘విజిటర్స్ పార్కింగులో గుండ్రటి వెండి రంగు వెహికల్ ఎవరిది? స్టిక్కర్ లేదు. పది నిమిషాల్లో తీయకపోతే క్లాంప్ వేస్తాం.’ పది నిమిషాలు గడుస్తాయి. సెక్యూరిటీ కుర్రాడు క్లాంపు పట్టుకుని వాహనం చుట్టూ నాలుగు ప్రదక్షిణాలు చేస్తాడు. చక్రాలు లేవు. వేయమన్న క్లాంపు వేయకపోతే జీతం కట్. పక్కన నా స్కూటర్ ఉంది. దానికి వేస్తాడు.

ఈలోపు ఆయన గేటు దగ్గరికి వస్తాడు. ఆయన అంటున్నాను గానీ ఆయనో ఆవిడో ఇంకా తేలలేదు. ‘ఏ ఫ్లాట్ సార్?’ అంటాడు గేటు దగ్గరున్న సెక్యూరిటీ పెద్దాయన. ఫోను తీసి యాప్‌లో ఫొటో కొడతాడు. ‘పని’ అన్న గడిలో నాలుగే ఉన్నాయి: డెలివరీ, క్యాబ్, గెస్ట్, సర్వీస్. రెండు నాగరికతల తొలి సమాగమం అన్న గడి లేదు. గెస్ట్ నొక్కుదామంటే ఫ్లాట్ ఓనరు ఒప్పుకోవాలి. పెద్దాయన కాసేపు ఆలోచించి, ‘ప్లంబరా?’ అంటాడు.

ఇక అర్జంటు మీటింగ్. కుర్చీలు, సమోసాలు, మైకులో ‘హలో హలో’. ముందు శాలువా. శాలువా కప్పడానికి భుజాలు లేవు. సెక్రటరీ గారు రెండుసార్లు కప్పితే రెండుసార్లూ జారిపోతుంది. చివరికి చుట్టూ తిప్పి ముడేస్తారు, ఫొటో పడుతుంది. తర్వాత అసలు ప్రశ్న. కులం అడగటం అసభ్యం, అందులోనూ అతిథిని. కాబట్టి పెద్దలొకరు గొంతు సవరించుకుని, ‘మీదేవూరండీ?’ అంటారు.

‘కెప్లర్ వైపు.’

‘ఇంటిపేరు?’

ఆయన ఏదో శబ్దం చేస్తాడు. ఈల వేసినట్టు ఉంటుంది.

పెద్దలు కళ్ళు మూసుకుని ఆలోచిస్తారు. ‘తెనాలి దగ్గర మా వియ్యంకుల తరఫున ఉన్నారండీ ఈ ఇంటిపేరువాళ్ళు. మరి మీరేమిట్లు?’

ఇంకొకాయన వాళ్ళబ్బాయి బీటెక్ అయిపోయిందనీ, మీ దగ్గర ఎమ్మెస్ చేస్తే పర్మనెంట్‌గా ఉండనిస్తారా అనీ ఆరా తీస్తారు. వెళ్ళడానికే వందల ఏళ్ళు పడుతుందని జవాబు. పర్లేదండీ, గ్రీన్‌కార్డుకి అలవాటే, అంటారాయన.

చివరి అంశం: అతిథి ఐదో అంతస్తులో గెస్ట్ రూముకి ఏ లిఫ్టులో వెళ్ళాలి? రూలు ప్రకారం మెయిన్ లిఫ్టు నివాసితులకు, వాళ్ళ చుట్టాలకు. సర్వీస్ లిఫ్టు పనివాళ్ళకు, సామాన్లకు, చెత్తకు, కుక్కలకు. ఈయన నివాసితుడు కాదు. పనివాడు కాదు. కుక్క అసలే కాదు. ట్రెజరర్ గారంటారు, ‘ఆయన మనకన్నా చాలా అడ్వాన్స్‌డ్ అండీ, అంత దూరం నుంచి వచ్చారు.’ దానికి జాయింట్ సెక్రటరీ: ‘దూరం లెక్కేమిటండీ? డెలివరీ కుర్రాడు కూకట్‌పల్లి నుంచి ఈ ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాల్లో వస్తున్నాడు. వాణ్ణి మెయిన్ లిఫ్టు ఎక్కిస్తున్నామా?’ ఇది విని సభ కాసేపు ఇరుకున పడుతుంది. అప్పుడు బి బ్లాకు మేడం లేచి, ‘ఒళ్ళంతా జిగురుగా ఉంది కదా, మరి హైజీన్?’ అంటారు.

నిశ్శబ్దం. ఎవరి చేతిలో సమోసా వాళ్ళ చేతిలోనే.

సెక్రటరీ గారు మైకు అందుకుంటారు. ‘అది జిగురు కాదమ్మా. టెక్నాలజీ.’

చప్పట్లు. తీర్మానం ఏకగ్రీవం. మెయిన్ లిఫ్టులో కొత్త మ్యాటు వేయిస్తారు, అగరొత్తి పెడతారు.

నెల తిరక్కుండా లిఫ్టు పక్కన కొత్త నోటీసు వెలుస్తుంది. లిపి మనది కాదు, కానీ భావం అర్థమవుతూనే ఉంటుంది. సెక్రటరీ గారు గ్రూపులో తర్జుమా పెడతారు: ‘ఇకపై మెయిన్ లిఫ్ట్ వారికి మాత్రమే. మనుషులు మెట్లు వాడాలి. హైజీన్ విషయంలో వాళ్ళు చాలా పర్టిక్యులర్. మనం అందరం సహకరించాలి.’ కింద దణ్ణాలు మూడు.

ఇదంతా నేను కల్పించానని మీరనుకోవచ్చు. హాకింగ్ పాయింటు దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆ ఏడో పాయింటు పంపిన సెక్రటరీ గారు అంతకు ముందు వేసవిలో ఎల్‌టీసీ మీద సకుటుంబంగా అండమాన్ వెళ్ళొచ్చారు. వచ్చాక పార్కులో చెప్పారు. బారాటాంగ్ గుహలకు వెళ్ళే దారి జరవా అనే ఆదివాసుల అడవిలోంచి పోతుందట. తెల్లవారుజామునే లేచి కార్లు, బస్సులు వరసకట్టి కాన్వాయ్‌లో వెళ్ళాలట. ‘ఆపకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు అని బోర్డులున్నాయనుకోండి. మా అదృష్టం, ఇద్దరు పిల్లలు రోడ్డు పక్కనే కనిపించారు. కిటికీలోంచి బిస్కెట్ పాకెట్ వేస్తే టక్కున పట్టుకున్నారు. యాక్టివ్ అండీ బాగా.’

యాక్టివ్! కోతులకిచ్చే కితాబు ఇది.

ఆ రోడ్డును మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఇవాళ్టికీ బస్సులు నడుస్తున్నాయి. 2012లో ఆ అడవి ఆడవాళ్ళ చేత తిండి ఆశ చూపించి డాన్సు చేయించిన వీడియో ప్రపంచమంతా చూసింది. మనకన్నా ముందున్నవాడు వచ్చి ఏం చేస్తాడో అని రాత్రిళ్ళు నిద్ర పట్టని పెద్దమనుషులు కదా, కిటికీ అద్దం దించి చూస్తే తెలిసిపోయేది. ముందున్నవాడు ఏసీ బస్సులో వస్తాడు. బిస్కెట్ విసురుతాడు. గుహలు చూసి భోజనం టైముకి హోటల్‌కి పోతాడు.

కొలంబస్ దాకా ఎందుకండీ! విశాఖపట్నంలో ఓడెక్కితే పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) దిగొచ్చు, అక్కడ వీధికో తెలుగు కుటుంబం ఉంటుంది. 1858లో బ్రిటిష్‌వాళ్ళు అక్కడ ఖైదీల కాలనీ పెట్టినప్పుడు అక్కడి ఆదివాసులు గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవాళ్ళు. పైనుంచి చూసినవాడికి అదీ ఖాళీ జాగాలాగే కనిపించింది. తట్టు, ఫ్లూ, సుఖరోగాలు ఓడల్లో దిగాయి. 1901 జనాభా లెక్కల్లో 625 మంది. 1961లో 19 మంది. పందొమ్మిది! మా సి బ్లాకులో ఒక అంతస్తుకి అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే ముసలావిడ చనిపోయింది. బో అనే భాష మాట్లాడగలిగిన చివరి మనిషి. ఆ భాషలో బదులిచ్చేవాళ్ళు లేక పక్షులతో మాట్లాడుకునేదట. హాకింగ్ కొలంబస్ గురించి హెచ్చరించింది అదే ఏడాది, నాలుగు నెలలు తిరక్కుండానే. ఆయన మాట కోట్ల మందికి ఫార్వర్డ్ అయింది. ఆవిడ భాషలో ‘మేము’, ‘మనం’ వేరువేరుగా ఉండేవో లేదో అడిగి తెలుసుకుందామన్నా ఇంక మనిషి లేదు.

బయటివాళ్ళు వచ్చి దిగితే ఎలా స్పందించాలన్న ప్రశ్నకు అనుభవం మీద జవాబు చెప్పగలవాళ్ళు భూమ్మీద ఇంకా కొద్దిమంది ఉన్నారు, అదే అండమాన్‌లో, ఉత్తర సెంటినెల్ దీవిలో. 1880లో పోర్ట్‌మన్ అనే ఇంగ్లీషు అధికారి అక్కడ దిగి, ఒక ముసలి జంటనీ నలుగురు పిల్లల్నీ పట్టుకుని పోర్ట్‌బ్లెయిర్ తీసుకుపోయాడు. ముసలివాళ్ళిద్దరూ జబ్బుచేసి చచ్చిపోయారు. పిల్లల్ని బహుమతులిచ్చి మళ్ళీ దీవిలో దించి వచ్చాడు. బహుమతులు! 2004 సునామీ తర్వాత ఎలా ఉన్నారో చూద్దామని మన కోస్ట్‌గార్డు హెలికాప్టరు వెళితే, ఒకతను ఒడ్డుకొచ్చి బాణం ఎక్కుపెట్టాడు. ఆ ఫొటో చూసి ‘పాపం, నాగరికత తెలీదు’ అన్నాం మనం. నాకైతే ఆ పద్నాలుగు పాయింట్లకన్నా ఆ ఒక్క బాణంలోనే ఎక్కువ చరిత్ర కనపడింది.

సరే, కోపం వద్దు, డాక్టరు బీపీ చూసుకోమన్నాడు. వేడి తగ్గడానికి ఒక ముచ్చట. ఆస్ట్రేలియాలో పార్క్స్ అనే చోట పెద్ద రేడియో టెలిస్కోపు ఉంది. 1998 నుంచి దానికి అప్పుడప్పుడూ ఒక వింత సంకేతం తగిలేది. ఎక్కడిదో అంతుపట్టలేదు. 2015లో దొరికింది దొంగ. ఆఫీసు వంటగదిలో మైక్రోవేవ్ ఓవెన్ పూర్తిగా ఆగకముందే ఎవరో తలుపు లాగేస్తున్నారు, ఆ క్షణంలో వచ్చే తరంగం అది. పదిహేడేళ్ళు పట్టింది, వంటగదిలోకి తొంగి చూడటానికి.

మా వంటింట్లో పొద్దున ఏడింటికి ఒకావిడ ఉంటుంది. నాగర్‌కర్నూల్ వైపు మనిషి. మా బ్లాకులో నాలుగిళ్ళు చేస్తుంది, మాది ఐదో అంతస్తు. సర్వీస్ లిఫ్టు దసరా నుంచి పనిచేయడం లేదు. స్పేర్ పార్టు రావాలట. మెయిన్ లిఫ్టు ఎక్కితే 500. ఆ 500 మా మెయింటెనెన్స్ బిల్లులో పడుతుంది, చాలా ఇళ్ళలో తిరిగి జీతంలోంచి కోస్తారు. మోకాళ్ళ నొప్పి కాబట్టి మూడో అంతస్తు మెట్ల మీద కాసేపు కూచుని, చీర కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ లేస్తుంది. ఈ నోటీసు తీర్మానం చేసిన మీటింగులో నేనూ ఉన్నాను. చెయ్యెత్తలేదు. అడ్డం కూడా చెప్పలేదు. సమోసా బాగుంది.

మొన్న అంట్లు తోముతూ అడిగింది. ‘సారూ, చుక్కల కాడికెల్లి ఎవరో వస్తున్నరంట గదా. గేటు కాడ చెప్పుకుంటుండ్రు.’

‘అదేం లేదు, అదంతా ఉత్తదే’ అన్నాను.

‘అట్ల గాదు, వస్తే మన బ్లాకులనేనా?’

‘ఏమో.’

‘ఎంతమందుంటరు?’

‘తెలీదు.’

‘వంట గూడ చెయ్యాల్నా, ఊడ్చుడు, అంట్లేనా?’

నాకేం చెప్పాలో తోచక కుళాయి కట్టేశాను. ఆవిడ గిన్నె బోర్లించి, చేతులు దులుపుకుంది.

‘ఏదన్న గానీ, ఏ ఫ్లోరో ముందుగాల అడిగి చెప్పుండ్రి సారూ. మూడు దాటితే నాతోని గాదు.’